నమిలి పెట్టిన ముద్ద

హోటల్ లాండ్రీ, వెనక మెట్ల మీద
జూన్ 9

అక్కా,

ఫోన్ చేస్తే మూడో నిమిషానికల్లా మనం పోట్లాటకి దిగుతాం. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం. మధ్యాహ్నం విరామం అరగంటే, అందులో పది నిమిషాలు తిండికి పోయింది. లోపల ఆవిరికి కాగితం మెత్తబడిపోతుందని మెట్ల మీద కూచుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నన్ను కాదు, నా మోకాలిని తిట్టు.

పిట్ట సంగతి రాయాలి. నీ దగ్గర నుంచి తెచ్చుకుని ఏడాదిన్నర అయింది కదా, దాని పాత గౌన్లు ఇంకా సరిపోతున్నాయి. మొదట్లో గుడ్డ ఖర్చు కలిసొచ్చిందని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పొద్దున లేస్తే కడుపు పట్టుకుని మూలుగుతుంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని రెండుమూడుసార్లు కసిరాను కూడా.

వేసవి సెలవుల ముందు వాళ్ళ టీచరు పిలిపించింది. "మీ అమ్మాయి అల్లరి చెయ్యదండీ, అదే నా బెంగ. కూడికలు ఇప్పుడు చెప్తే ఇప్పుడే చేస్తుంది. మంచినీళ్ళు తాగొచ్చేసరికి మర్చిపోతుంది. పాఠం మధ్యలో బల్ల మీద తల పెట్టి నిద్రపోతుంది. ఇంట్లో పడుకోనివ్వరా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడేళ్ళ పిల్లని రాత్రంతా ఇస్త్రీ చేయిస్తున్నానేమో అన్నట్టు చూసింది నన్ను.

ఇంతలో మెడికల్ కాలేజీ వాళ్ళు ఏదో పరిశోధన అని బడికొచ్చారు. పిల్లలందరి చేతా పుల్లటి నీళ్ళేవో తాగించి, సంచీల్లోకి ఊదమన్నారట. "నేను గట్టిగానే ఊదాను, అయినా పగల్లేదు" అని వచ్చి చెప్పింది ఇది. తర్వాత తెలివి చూడ్డానికని రంగు చెక్కలిచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నారట. కాసేపు పేర్చి, అలసిపోయి వరసగా పడుకోబెట్టి జోకొట్టిందట వాటిని. మన పిట్ట కదా.

ఫలితాలు చెప్పడానికి ఆ కాలేజీ డాక్టరమ్మ మొన్న నన్ను పిలిచింది. ఊదిన గాలిలో తేలిందట, కడుపులో ఒక సూక్ష్మజీవి ఉందని. ఆరు నెలలుగా నేను తాగిస్తున్న ఇనుము మందు ఒంటికి పట్టకపోవడం అందుకేనట. "ఇది చాలామంది కడుపుల్లో ఉంటుందమ్మా, ఎక్కువమందిని ఏమీ అనదు. కొందరు పిల్లల్లో మాత్రం రక్తం పట్టనివ్వదు. రక్తం తక్కువైతే ధ్యాస నిలవదు" అంది. "చదువులో వెనకబడింది దీనివల్లేనా?" అని అడిగాను. "అది తెలుసుకోవడానికే ఈ తిప్పలన్నీ. ఖాయంగా చెప్పలేను" అంది. నిక్కచ్చి మనిషి.

ఇది పిల్లలకి ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుందట. అందుకని అడిగింది: చిన్నప్పుడు ఎవరి దగ్గర పెరిగింది, ఆ ఇంట్లో ఎవరికైనా కడుపులో మంటో పుండో ఉన్నాయా, దానికి మందులేమైనా వాడారా అని. మందు రాసేముందు తెలిస్తే మంచిదంది. నీకు ఇవేవీ లేవు కదా? ఒక ముక్క రాయి. వచ్చేవారం మందుల చీటీ రాయించుకోవాలి.

నీ చెల్లి


మందుల షాపు మీద గది
జూన్ 13

చెల్లీ,

నీ ఉత్తరం చదివి నిన్ను నాలుగు తిట్టాలనిపించింది. పిల్ల కడుపు పట్టుకుంటే కసురుతావా? ఆరు నెలలు ఇనుము మందు తాగించి రక్తం పెరక్కపోతే అప్పుడే డాక్టరు దగ్గరికి పోవద్దూ? ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డదాన్ని ఒకత్తిని ఉన్నానే, నన్నైనా అడగొద్దూ?

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు చెప్పేది బుద్ధిగా విను. మందులు రెండు వారాలుంటాయి. రెండు రకాల మాత్రలు సూక్ష్మజీవిని చంపేవి, ఒకటి కడుపులో పులుపు తగ్గించేది. పులుపు మాత్ర తిండికి ముందు, మిగతావి తిన్నాక. గడియారం చూసి ఇవ్వు. నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టు ఉంటుంది, వాంతి వస్తుందంటుంది, వద్దంటుంది. వదలకు. నాలుగో రోజుకి నొప్పి తగ్గుతుంది, ఇక చాల్లే అనిపిస్తుంది. చాలదు. మధ్యలో ఆపితే ఆ పురుగు ఆ మందుకి అలవాటు పడిపోతుంది. ఈ మాట రోజుకి పదిమందికి చెప్తాను నేను. మా యజమాని నన్ను అరిగిపోయిన రికార్డు అంటాడు.

టీచరు చూపులు పట్టించుకోకు. పిట్ట మొద్దు కాదు. రెండేళ్ళప్పుడే షాపులో సీసా మూతల రంగులు విడదీసి పెట్టేది.

నా సంగతి అడిగావు. నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. ఎప్పుడైనా కాస్త మంట పుడితే గ్లాసెడు చల్లటి పాలు తాగుతాను, అంతే. మందులంటావా, అమ్మడమే గాని మింగింది లేదు. అలాగే చెప్పు డాక్టరమ్మకి.

మీ అక్క


వంటింటి గట్టు దగ్గర
జూలై 6

అక్కా,

పద్నాలుగు రోజులూ అయిపోయాయి! నువ్వు చెప్పినట్టే గడియారం చూసి ఇచ్చాను. పని మీదున్నప్పుడు పక్కింటావిడకి అప్పజెప్పి, ఇచ్చిందో లేదోనని మళ్ళీ ఫోన్ చేసేదాన్ని. ఆవిడ నా మొహం చూస్తే తలుపేసుకునే స్థితికొచ్చింది.

పిట్ట ఎంత మొండిదో అంత మంచిది అక్కా. మూడో రోజు వాంతి చేసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, "ఇంకోటి ఇవ్వమ్మా, అది పోయింది కదా" అని తనే చెయ్యి చాపింది. నేను పక్కగదిలోకి పోయి ఏడ్చాను.

నీకొక మాట చెప్పాలి, ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని పదకొండో నెలలో నీ చేతుల్లో పెట్టి వచ్చేశాను. వాళ్ళ నాన్న దారి ఆయన చూసుకున్నాడు, హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు, క్వార్టర్సు దొరకడానికి నాలుగున్నరేళ్ళు పట్టింది, ఇవన్నీ నిజమే. కానీ బస్సెక్కాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, నిద్ర. హాయిగా ఆరుగంటలు పడుకున్నాను. టీచరు "ఇంట్లో పడుకోనివ్వరా" అన్నప్పుడు నాకు ఆ నిద్రే గుర్తొచ్చింది.

డాక్టరమ్మ పిల్ల తిండి గురించి తవ్వి తవ్వి అడిగింది. నేను గర్వంగా చెప్పాను, "మా అక్క ప్రతి ముద్దా తను నమిలి మెత్తగా చేసి పెట్టేది, లేకపోతే ఇది బతికేది కాదు" అని. ఆవిడ కలం ఆపి నన్ను చూసి, "మీ అక్కకి కడుపు సమస్య ఏదీ లేదన్నారు కదూ?" అని మళ్ళీ అడిగింది. లేదని చెప్పాను. రాసుకుంది.

బడిలో ఒక గొడవ. ఏడాది చివరికి పుంజుకోకపోతే ఇదే క్లాసులో ఉంచుతామని, లేదా వెనకబడిన పిల్లల గదిలో వేస్తామని అన్నారు. ఆ గది నేను చూశాను. పదేళ్ళవాళ్ళూ ఆరేళ్ళవాళ్ళూ కలిసి కూచుని రంగులు వేస్తుంటారు. ఆ గదిలో పడ్డవాళ్ళు మళ్ళీ బయటికొచ్చిన దాఖలా లేదట. అందుకే ఈ మందు మీదే నా ప్రాణాలన్నీ పెట్టుకున్నాను. ఆరు వారాలాగి మళ్ళీ సంచీలో ఊదాలి.

నీ చెల్లి


మందుల షాపు మీద గది
జూలై 14

చెల్లీ,

నీ ఉత్తరం చేరింది. షాపులో సరుకు లెక్కలు జరుగుతున్నాయి, వెంటనే రాయలేకపోయాను.

పిట్ట మాత్రల పేర్లు నాకు రాసి పంపు. అట్ట మీద ఉన్నవి ఉన్నట్టు రాయి చాలు. ఊరికే, తెలుసుకుందామని.

నిద్రపోయినందుకు బాధపడకు. పసిపిల్లతో ఏడాదిపాటు నిద్రలేనిదానివి. బస్సులో కాక ఇంకెక్కడ పడుకుంటావు?

ఇక్కడ అంతా బాగానే ఉంది. నమిలి పెట్టడం గురించి డాక్టరమ్మ ఇంకేమైనా అందా?

అక్క


హోటల్ లాండ్రీ, వెనక మెట్ల మీద
సెప్టెంబర్ 2

అక్కా,

పోలేదు. ఊదిన ఫలితం వచ్చింది, ఆ పురుగు ఎక్కడిదక్కడే ఉంది. రక్తం కూడా అంతే.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "మాత్రలు మానేశారా?" అంది. ఖాళీ అట్టలన్నీ దాచాను, సంచీలోంచి తీసి బల్ల మీద పరిచాను. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, "మీ తప్పు లేదు. ఇందులో ఒక మందు ఈ పురుగు మీద పనిచేయడం లేదు. ఎవరి కడుపులోనో ఉండగా ఆ మందు సగం వాడి ఆపేస్తే ఇలా తయారవుతుంది. అదే పిల్లకి వచ్చి ఉంటుంది. బాగా గుర్తు తెచ్చుకోండి, ఎవరు వాడారో తెలిస్తే ఏ మందు మార్చాలో తెలుస్తుంది. లేకపోతే గొట్టం దించి కడుపులో ముక్క తీసి చూడాలి" అంది.

పిల్లకి మత్తిచ్చి గొంతులో గొట్టం దింపుతారట.

ఇంటికొచ్చాక ఎలా చెప్పాలో తెలియక, "మళ్ళీ ఊదాలమ్మా, ఈసారి ఫలితం సరిగ్గా రాలేదు" అన్నాను. అది నా మొహం చూసి, "ఈ పరీక్ష కూడా తప్పానా అమ్మా?" అంది.

నువ్వడిగిన పేర్లు అప్పుడు పంపడం మర్చిపోయాను. వెనక రాశాను చూడు.

నీ చెల్లి


మందుల షాపు మీద గది
సెప్టెంబర్ 6

చెల్లీ,

ఈ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు చింపాను. ఐదోది చింపకుండా పంపుతాను.

జూన్‌లో నేను నీకు అబద్ధం రాశాను. నాకు ఆ రోగం ఉంది. నాలుగున్నరేళ్ళ క్రితమే తెలుసు. పిట్టకి రెండున్నరేళ్ళు అప్పుడు. కడుపులో నిప్పులు పోసినట్టుంటే పెద్దాసుపత్రికి వెళ్ళాను, గొట్టం దించి చూసి అదేనన్నారు. రెండు వారాలకి మందులు రాశారు. నేనే మా షాపు అలమరలోంచి తీసుకున్నాను. ఆరో రోజున ఆపేశాను.

ఎందుకో రాస్తాను, సాకుగా అనుకుంటే అనుకో. పిట్ట తిండి నీకు తెలియదు. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు అది నా మొహం వంక చూస్తూ కూచునేది. నేను నములుతూ కళ్ళు మూసుకుని "ఆహా" అంటేనే నోరు తెరిచేది. నా మొహం బాగుంటేనే తిండి బాగున్నట్టు లెక్క. ఆ మాత్రలు మొదలెట్టాక నా నోట్లో ఏది పెట్టుకున్నా చేదు. ఎంత నటించినా మొహం వంకరపోయేది. అది చూసి అదీ అలాగే మొహం పెట్టి ఉమ్మేసేది. ఐదు రోజులు పాలచుక్క తప్ప ఏమీ తినలేదు. ఆరో రోజు ఒళ్ళు వేడెక్కింది. నా మంట తగ్గింది కదా అని మాత్రలు పక్కన పడేశాను. రెండు రోజులకి నా నోరు బాగుపడింది. పిట్ట తిన్నది. ఎంత సంతోషపడ్డానో! నమిలి నమిలి పెట్టాను, దవడలు నొప్పి పుట్టేదాకా.

మందులమ్మే దాన్ని, తెలియదనుకోకు. మధ్యలో ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే ఆపాను. పిల్లకి రావచ్చనీ తెలుసు. ఆ డాక్టరు అడిగాడు, "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని. లేరన్నాను. ఉన్నారంటే నోటితో పెట్టొద్దంటాడు. అదీ కాక, నీ పిల్లేనా అని అడుగుతాడు, కాదనాలి. ఆ రోజుల్లో నాకు ఆ మాట అనబుద్ధయ్యేది కాదు. నీకు రాస్తే నువ్వొచ్చి తీసుకుపోతావని కూడా భయం. ఇది ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో నువ్వడిగినప్పుడు ఒక ముక్క రాస్తే సరిపోయేది. డాక్టరమ్మ మొదటే వేరే మందు రాసేది. రాయలేదు. జూలైలో పేర్లు అడిగింది నేను వాడినదేనేమో చూద్దామని. నువ్వు పంపలేదు, నా ప్రాణం కుదుటపడింది. తెలియకపోతే చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించాను చెల్లీ. ఆ పసిది వాంతి చేసుకుని మళ్ళీ చెయ్యి చాపిందని నువ్వు రాసిన ఉత్తరం నా దిండు కింద ఉండగా అలా ఆలోచించాను.

పాత చీటీ ఇందులో పెట్టాను. రెండో మందు కింద గీత గీశాను. పిట్టకి ఇచ్చిన వాటిలో అదే ఉంది. ఇవాళే తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించు. గొట్టం అక్కర్లేకపోవచ్చు.

పిట్ట ఏ పరీక్షా తప్పలేదని చెప్పు. తప్పింది నేను.

నీ అక్క


ఇల్లు
సెప్టెంబర్ 15

చీటీ చూపించాను. మందు మారుస్తున్నారు, గొట్టం వేయరు. అంతవరకు నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మూడు నెలలు. నువ్వు నాకు తిండికి ముందేది, తిన్నాక ఏది అని పాఠాలు చెప్పావు. మధ్యలో ఆపకు అని చెప్పావు. ఆ కాగితం మీద చెయ్యి ఎలా ఆడింది నీకు? నేను డాక్టరమ్మ ముందు నిన్ను పొగిడాను. తల్లి కంటే ఎక్కువ చూసుకుందని చెప్పాను. ఆవిడ మొహం ఇప్పుడు తలుచుకుంటే నేల చీలిపోతే బాగుండనిపిస్తోంది.

దానికి రంగు చెక్కలు పేర్చడం రాకపోతే నేనొక్కదాన్నే ఏడ్చాను, వదిలేసి వెళ్ళినందుకు ఇలా అయిందని. నువ్వు చూస్తూ ఊరుకున్నావు.

పిట్ట నీకు బొమ్మ వేసి పంపుతానంటే వద్దన్నాను. ఎందుకంటే చెప్పేశాను. పెద్దమ్మ నోట్లోంచి పెట్టిన ముద్దల వల్లే నీకీ కడుపునొప్పి వచ్చింది, పెద్దమ్మకి తెలిసీ చెప్పలేదు అని. అది బొమ్మ మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఇక రాయకు.


మందుల షాపు మీద గది
డిసెంబర్ 20

చెల్లీ,

రాయొద్దన్నావు. మూడు నెలలు ఆగాను. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను, చదవకుండా పడేసినా నేనేమీ అనుకోను.

నేను అదే పెద్దాసుపత్రికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆ పాత డాక్టరు లేడు, ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. విని, "మీరు మందుల షాపులో పనిచేస్తారా?" అని రెండుసార్లు అడిగాడు. సిగ్గుతో అవునన్నాను. వేరే మందులు రాశాడు. పద్నాలుగు రోజులూ మింగాను. మొన్న ఊదితే ఏమీ లేదని వచ్చింది. ఇది నీకు గొప్ప కోసం చెప్పడం లేదు. ఇప్పుడు పోయి ఎవరికి లాభం? అయినా నీకు తెలియాలనిపించింది.

షాపులో ఆ మందులు కొనడానికి ఎవరొచ్చినా మధ్యలో ఆపకండి అని చెప్పబోతే నోరు పెగలడం లేదు. అందుకని ఉన్నది చెప్పేస్తున్నాను. "నేను ఆపేశానండి, మా చెల్లెలి కూతురికి అంటింది" అని. పోయినవారం ఒకాయన చిల్లర కూడా తీసుకోకుండా పారిపోయాడు. మా యజమాని పాత రికార్డే నయం అంటున్నాడు. మాన్పించలేదు మాత్రం.

పిట్టకి నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఒక్కటి. నా మొహం చూసి తిన్న పిల్ల అది. ఇప్పుడు నా మొహం గుర్తొస్తే ముద్ద దిగకుండా పోతుందేమోనని భయంగా ఉంది. తింటోందా? ఆ ఒక్కటీ ఎవరి చేతనైనా చెప్పించు. బడిలో ఏమన్నారో చెప్పక్కర్లేదు. తింటోందో లేదో చాలు.

అక్క


ఇల్లు, వంటింటి గట్టు దగ్గర
ఫిబ్రవరి 11

అక్కా,

తింటోంది. ముందు అది రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు ఆ ముక్క కోసమే వెతుక్కుంటావు. తన పళ్ళెంలో తను పెట్టుకుని, తన పళ్ళతో నమిలి తింటోంది. రెండు కిలోలు పెరిగింది. గౌన్లు బిగిసిపోయాయి.

పురుగు పోయింది. సంచీలో ఊదించి రెండుసార్లు చూశారు. రక్తం పెరుగుతోంది. పాఠం మధ్యలో నిద్రపోవడం లేదు, పైగా పక్కపిల్లతో కబుర్లు చెప్తోందని టీచరు ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు విని నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను, పాపం ఆవిడ కంగారు పడింది. ఆ వేరే గదికి పంపడం లేదు. కానీ ఈ క్లాసే మళ్ళీ చదవాలి. చెక్కలు మళ్ళీ పేర్పించారు. పోయినసారి కంటే మెరుగట, తోటివాళ్ళకంటే ఇంకా వెనకట. "ఇంతకాలం వెనకబడింది దానివల్లేనా? మిగతాది కూడా వచ్చేస్తుందా?" అని అడిగాను. "ఎంత దానివల్లో, ఎంత కాదో ఎవరూ చెప్పలేరమ్మా. పెరిగే పిల్ల, చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆవిడ మారలేదు.

ఇంతవరకూ రాయడం తేలిక. ఇప్పుడు అసలుది రాయాలి.

నీ చీటీ చూపించిన రోజున డాక్టరమ్మ నన్ను కూడా ఊదమంది. ఇంట్లో ఇద్దరే కదా, మళ్ళీ అంటకుండా చూసుకోవాలని. నాకూ ఉంది అక్కా. కడుపులో మంటా లేదు, నొప్పీ లేదు, హాయిగా నాతోపాటే తిరుగుతోంది. "మీరూ చిన్నప్పుడు పాపకి నమిలి పెట్టారా?" అని అడిగింది. పెట్టాను. పదకొండు నెలలు వచ్చేదాకా నేను పెట్టిందే. నీకు నేర్పింది నేనే కదా, బస్సెక్కే ముందు ఈ పిల్లకి నమిలి పెడితేగాని దిగదు అని చెప్పి మరీ వెళ్ళాను.

ఇంకా ఉంది. ఆ రెండో మందు పేరు ఆవిడ పైకి చదివింది. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూనే ఉన్నాను, నీకు ఆ కోపం ఉత్తరం రాసి అంటించాక డబ్బా వెతికాను. పిట్ట నా దగ్గరికొచ్చిన కొత్తలో నాకు గొంతునొప్పి వస్తే హోటల్ డాక్టరు రాసిచ్చింది అదే. మూడు రోజులకి తగ్గింది. మిగతావి మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తాయని దాచుకున్నాను. అట్టలో సగం ఖాళీ, సగం నిండుగా నా చేతిలో ఉంది. తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరమ్మ తల పట్టుకుంది. పిల్లకి వచ్చిన పురుగు నీదా, నాదా, మందుకి లొంగకుండా తయారైంది నీ కడుపులోనా, నా కడుపులోనా అంటే, చెప్పే దారి లేదంది.

ఇదంతా నాకు ఎప్పుడు తెలిసిందో అడుగు. సెప్టెంబర్ పదిహేను పొద్దున. ఆ తెల్లవారుజామున నీకు రాసిన ఉత్తరం అప్పటికే కవరులో పెట్టి అంటించి ఉంది. అట్ట చూపించి, నేను ఊదిన ఫలితం రాసిన కాగితం చేత్తో పుచ్చుకుని ఆసుపత్రి మెట్లు దిగాను. ఎదురుగా పోస్టు డబ్బా ఉంది. కవరు సంచీలోనే ఉంది. చింపేయొచ్చు. నిలబడి ఆలోచించాను కూడా. ఆలోచించి డబ్బాలో వేశాను.

ఎందుకంటే నిన్ను తిట్టుకుంటుంటే నాకు హాయిగా ఉండేది అక్కా. ఏడేళ్ళలో మొదటిసారి పిట్టని చూసి నాకు తప్పు చేసినట్టనిపించలేదు. అంతా నీదే. రోజూ ఇస్త్రీ పెట్టె కింద దుప్పట్లతోపాటు నిన్నూ నొక్కాను. నా మాత్రలు ఎవరికీ తెలియకుండా మింగాను, పిట్టకి కూడా బలానికని చెప్పాను. నువ్వు భయంతో మూడు నెలలు దాచావు. నేను సుఖం కోసం ఐదు నెలలు దాచాను. డిసెంబర్‌లో నీ ఉత్తరం వచ్చింది, తింటోందా అని ఒక్క మాట అడిగావు. దానికి కూడా జవాబు రాయలేదు. రాస్తే మొత్తం రాయాల్సి వస్తుందని.

ఇవాళ పొద్దున పిట్టకి జడ వేస్తున్నాను. అది అద్దంలో నన్ను చూస్తూ, "నేను మళ్ళీ ఇదే క్లాసు చదవడం పెద్దమ్మ వల్లే కదమ్మా?" అంది. కోపంగా అనలేదు. కూడిక ఒప్పజెప్పినట్టు అంది. ఐదు నెలల కిందట నేను చెప్పిన మాటని, ఏదీ గుర్తుండదని అందరూ అన్న పిల్ల, ఒక్క అక్షరం పోకుండా దాచుకుంది.

జడ వదిలేసి దాని ఎదుట కూచున్నాను. అంతా చెప్పాను. అమ్మ కడుపులో కూడా ఉండేదని, అమ్మ కూడా నమిలి పెట్టిందని, అమ్మ కూడా మాత్రలు సగంలో ఆపిందని, ఎవరి వల్ల వచ్చిందో డాక్టరమ్మకే తెలియదని. ఏడుస్తుందనుకున్నాను. సగం జడతో అలాగే కూచుని నుదురు ముడేసి ఆలోచించింది. 

చివరికి అడిగింది, "మరి పెద్దమ్మకి చెప్పావా?"

నీ చెల్లి